తాతగారి ట్రంకు పెట్టెల్లో పాత పత్రికలు: కాటాకి వేసే ముందు ఒక్క వారం ఆగండి

మీరు అడిగింది ఇదీ. ఒడిశాలోని రాయగడలో తాతగారి ఇల్లు ఖాళీ చేస్తున్నారు, మేడ మీద గదిలో రెండు ట్రంకు పెట్టెలు, మూడు గోనె సంచుల నిండా పాత పత్రికలున్నాయి. చందమామలు, ఆంధ్రప్రభ వీక్లీలు, స్వాతులు, సినిమా పత్రికలు, ఇండియా టుడేలు, సోవియట్ భూమి, అమ్మమ్మ కుట్టించుకున్న సీరియల్ బైండ్లు. వీధిలోకి వచ్చే పాత పేపర్లాయన కిలో పన్నెండు అన్నాడు. యూట్యూబ్‌లో ఎవరో పాత చందమామ ఒక్కోటి లక్ష పలుకుతుందన్నాడు. ఏది నిజం, ఎలా అమ్మాలి, ఎంతొస్తుంది అని.

పేపర్లాయన చెప్పింది చాలా తక్కువ, యూట్యూబ్ ఆయన చెప్పింది ఒట్టి కోత. నేను బరంపురంలో ఉంటాను, పుట్టింది పర్లాకిమిడి, పదహారేళ్లుగా ఉద్యోగం చేసుకుంటూనే పాత పత్రికలు కొని అమ్ముతున్నాను. దీంతో ఇల్లేమీ కట్టలేదు బాబూ. ఒక పాత స్కూటర్ కొన్నాను, ఒక ఏడాది మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాను, మిగతాది మళ్లీ పత్రికల్లోకే పోయింది. ఆ లెక్కలోనే వినండి.

ముందు కాటా లెక్క చూద్దాం. రెండు ట్రంకులు, మూడు సంచులు అంటే సుమారు ఎనభై కిలోలు అనుకుందాం. కిలో పన్నెండు చొప్పున తొమ్మిదివందల అరవై. అందులో కాటా మోసం ఒకటి, "ఇది మెరుపు కాగితం సార్, దీనికి రేటు లేదు" అని తగ్గించేది ఇంకొకటి, చివరికి మీ చేతికి ఏడెనిమిది వందలు వస్తాయి. ఇప్పుడు ఇటు చూడండి. చందమామలు కిలోకి పది పన్నెండు తూగుతాయి. వాటిలో 1960ల నాటివి నాలుగు బాగున్నవి దొరికితే చాలు, మొత్తం ఎనభై కిలోల తుక్కు డబ్బు ఆ నాలుగింటిలోనే వచ్చేస్తుంది. కాబట్టి ఎనభై కిలోలూ అమ్మాలని కూర్చోకండి. ఆ ఎనభైలోంచి ఏ పది కిలోలు తీసి పక్కన పెట్టాలో తెలుసుకోవడమే మొత్తం పని. మిగతా డెబ్బై కిలోలు పేపర్లాయనకే ఇవ్వండి, ఏం బాధపడకండి, నేనూ అదే చేస్తాను.

పెట్టెలు తెరిచారా? అయితే ఎండలో పరచకండి. మన ఇళ్లల్లో ఏది చెమ్మెక్కినా డాబా మీద ఆరేయడం అలవాటు కదా, వీక్లీల కాగితం న్యూస్‌ప్రింట్, అసలే పసుపెక్కి ఉంటుంది, రెండు రోజులు ఎండ తగిలితే అంచులు అప్పడంలా విరుగుతాయి. ఫ్యాను గాలికి, నీడలో, ఒక్కోటి విడివిడిగా పెట్టండి. ముక్కిన వాసన పూర్తిగా పోదు కానీ తగ్గుతుంది. తడిగుడ్డతో తుడవకండి. చిరిగినచోట సెల్లో టేపు అస్సలు వేయకండి, ఆ టేపు అయిదేళ్లకు ఊడిపోయి గోధుమరంగు మరక మిగులుతుంది, కొనేవాడు ముందు దాన్నే చూస్తాడు. పాత పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, వాటిని లాగేస్తే పేజీలు చెల్లాచెదురవుతాయి, అలాగే వదిలేయండి. చెదలు, పుస్తకాల పురుగు ఉన్న సంచిని మాత్రం మంచి వాటికి దూరంగా వేరే గదిలో పెట్టండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నా సరుకులో మూడో వంతు పర్లాకిమిడిలో మా అన్నయ్య ఇంటి కింది గదిలో ఉంది. 2013లో ఫైలిన్‌కి బరంపురంలో ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయి కాబట్టి అక్కడే భద్రమని నేనే తీసుకెళ్లి పెట్టాను. నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. వింతేమిటంటే న్యూస్‌ప్రింట్ వీక్లీలు ఆరబెడితే ముడతలు పడి అయినా బతికాయి. నున్నటి ఆర్ట్ పేపర్ మీద అచ్చయిన సినిమా పత్రికలు, ఇంగ్లీషు పత్రికలు మాత్రం ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా అయిపోయాయి. ఆ కాగితం మీద మెరుపు కోసం పూసే సుద్దలాంటి పూత తడిసి జిగురవుతుంది, ఆరాక విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. అన్నీ కలిపి కాటాకి వేస్తే "తడి కాగితం" అని అందులోనూ కోత వేశాడు. మీ ఇంట్లో కింది వరసలో ఉన్నవి మెరుపు పత్రికలైతే ఈ రోజే పైకి మార్చండి.

ఇక తేదీలు. సగం పత్రికలకు అట్టలుండవు, పిల్లలు చింపేసి ఉంటారు. అప్పుడు ఏ ఏడాదిదో ఎలా తెలుస్తుంది? లోపల ఎక్కడో ధర ఉంటుంది, ప్రకటనల్లోనైనా ఉంటుంది. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, ఎందుకంటే ఆ నెల ఒకటో తేదీ నుంచే మనకు దశాంశ నాణేలొచ్చాయి. కొన్నాళ్లు రెండు లెక్కలూ నడిచాయి కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకోండి. "న.పై." అని, అంటే నయా పైసలు అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. ఉత్త పైసలు ఉంటే ఆ తర్వాతది. ఇంకో గుర్తు అడ్రసు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. చందమామ ఆఖరి పేజీల్లో "మద్రాసు-26" అని ఉంటే దానికి ముందుది, "600 026" అని ఆరంకెలుంటే తర్వాతది. మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతిది, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. ఈ మూడు గుర్తులతో మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా అట్టలేని పత్రికలను దశాబ్దాల వారీగా కుప్పలు పోసేస్తారు. కొన్ని పాత సాహిత్య పత్రికల్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండదు, సర్వజిత్తు, సర్వధారి అని తెలుగు సంవత్సరమే ఉంటుంది. సర్వజిత్తు అంటే 1947-48, మళ్లీ 2007-08. ఆ రెండింటి కాగితానికీ తేడా చేతికే తెలుస్తుంది లెండి.

చందమామ సంగతి వివరంగా చెప్తాను, అందరి ఆశా దాని మీదే కాబట్టి. మొదటి సంచిక 1947 జూలై. మీ పెట్టెలో అది ఉండే అవకాశం చాలా తక్కువ, ఉంటే మాత్రం ఎవరికీ చెప్పకుండా ముందు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. 1998లో పత్రిక ఆగిపోయి, 1999 చివర్లో మళ్లీ మొదలై, 2012-13 ప్రాంతంలో పూర్తిగా ఆగింది. 1999 తర్వాతివి నా దగ్గర ఇరవై ముప్పై రూపాయలకు కూడా కదలవు, అవి కట్టగట్టి పిల్లలున్న ఇంటికి ఇచ్చేయడమే మంచిది. 1980లవి అరవై నుంచి వంద. 1970లవి వంద దాటతాయి. 1960లవి శుభ్రంగా ఉంటే రెండొందల నుంచి నాలుగొందలు. 1950లవి అయిదొందల పైమాటే, బాగుంటే వెయ్యి. ఇవి నేను అమ్మిన రేట్లు, చిన్నచిన్న లాట్లుగా, నెలల తరబడి కూర్చుని అమ్మినవి. రేపు మీరు వెళ్లి ఇవే అడిగితే ఎవరూ ఇవ్వరు.

శుభ్రంగా ఉండడం అంటే ఏమిటో చూపిస్తాను. ఒక చందమామ చేతిలోకి తీసుకోండి. వెనకట్ట ఉందా? ముందు అట్ట కంటే వెనకట్టే ఎక్కువగా పోతుంది. మధ్య పేజీ దగ్గర తెరవండి, పిన్నుల పక్కన కాగితం చిరిగిందా? తర్వాత ఒకటో పేజీ నుంచి చివరిదాకా నంబర్లు లెక్కపెట్టండి, మధ్యలో నాలుగు పేజీలు మాయమైతే సాధారణంగా అది బేతాళ కథో, రంగుల సీరియలో అయ్యుంటుంది, ఎవరో చింపి దాచుకున్నారు. ఆఖర్న ఫోటో వ్యాఖ్యల పోటీ (రెండు ఫోటోలకు పాఠకులు వ్యాఖ్యలు రాసి పంపేది) పేజీ చూడండి, కత్తెర పడిందేమో. పిల్లలు పెన్నుతో రాజుగారికి మీసాలు పెట్టారేమో. ఇంకు మీసానికి నేను నలభై రూపాయలు తగ్గిస్తాను, పెన్సిల్ మీసానికి తగ్గించను. అద్దె లైబ్రరీ ముద్ర ఉంటే తగ్గుతుందని కొందరంటారు, నా అనుభవంలో "రోజుకు పది పైసలు" అని రబ్బరు స్టాంపు ఉన్నవాటిని ముచ్చటపడి కొనేవాళ్లూ ఉన్నారు.

బైండు చేయించినవి ఉంటే విప్పకండి. ఏడాది పన్నెండు సంచికలూ వరసగా, అట్టలతో సహా కుట్టించి ఉంటే అది బంగారం. కానీ మన బైండర్లు అంచులు సమానం చేయడానికి మూడు వైపులా కోసేస్తారు, అట్టలు తీసి పారేస్తారు, అలాంటిది సగం ధరే.

అమ్మమ్మ సీరియల్ బైండ్ల గురించి మీరు చివర్లో ఏదో చెప్పాలి కదా అన్నట్టు ఒక్క ముక్క రాశారు, నాకు మాత్రం అన్నిటికంటే అవే ఆసక్తిగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఆడవాళ్లు వారం వారం వీక్లీలోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, అయిపోయాక బైండర్‌కిచ్చి కాలికో గుడ్డ అట్ట వేయించుకునేవారు. పత్రిక సేకరించేవాడికి అది చెత్త, ఎందుకంటే సంచిక ముక్కలైపోయింది. చదివేవాడికి మాత్రం అది దొరకని నవల. పుస్తకంగా ఎప్పుడూ రాని సీరియళ్లు చాలా ఉన్నాయి, వచ్చినా బొమ్మలు లేకుండా వచ్చాయి. ఆ బైండ్లలో ఒక్కోటి తెరిచి, సీరియల్ పేరు, రాసినవారి పేరు, మొదటి భాగం నుంచి ఆఖరిదాకా ఉందా, మధ్యలో ఏ వారం పోయింది, ఇవి ఒక నోటు పుస్తకంలో రాయండి. ఒక్క వారం పోయినా ముందే చెప్పేయండి. నవలలో క్లైమాక్స్ ముందు వారం లేదని కొన్నాక తెలిస్తే వచ్చే తిట్లు నేను తిన్నాను, చాలు.

వీక్లీల్లో మామూలు వారాలకు గిరాకీ లేదు. ఉగాది, సంక్రాంతి, దీపావళి ప్రత్యేక సంచికలు పక్కకు తీయండి. 'యువ' మాసపత్రిక దీపావళి సంచికలు దొరికితే మరీ జాగ్రత్త, వడ్డాది పాపయ్యగారి బొమ్మల కోసం వాటిని వెతికేవాళ్లున్నారు. ఆయన మన పక్కనున్న శ్రీకాకుళంవారు కాబట్టి ఈ చుట్టుపక్కల అభిమానం ఇంకొంచెం ఎక్కువ. ఇక్కడో పాపం జరుగుతుంది. బొమ్మ ఒక్కటే కోసి, ఫ్రేము కట్టి అమ్మితే సంచిక మొత్తానికంటే ఎక్కువ వస్తుంది. నేను చేయను. అట్ట ఎలాగూ ఊడిపోయి, లోపల చెదలు తిన్నదైతే సరే, నిండుగా ఉన్నదాన్ని కొయ్యడానికి చేతులు రావు. మీ ఇష్టం మీది. భారతి మాసపత్రిక గానీ కనిపిస్తే, అది 1924 నుంచి 1991 దాకా వచ్చింది, విడి సంచికలుగా అమ్మకండి, ఎన్ని ఉంటే అన్నీ ఒకే లాటుగా ఉంచండి, అవి కొనేది పరిశోధన చేసేవాళ్లు, వాళ్లకు వరస కావాలి.

సినిమా పత్రికలు. విజయచిత్ర 1966లో మొదలైంది, సితార 1976లో. వీటిలో మధ్యన వచ్చే పెద్ద బొమ్మ ఉందా లేదా అన్నదే ధర. ఎవరో ఒకరు దాన్ని చింపి గోడకు అంటించే ఉంటారు. నటుల స్మారక సంచికలు, 1982-83లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి గెలిచిన రోజుల సంచికలు తేలిగ్గా పోతాయి. అభిమానులు బేరం కూడా పెద్దగా ఆడరు.

ఇంగ్లీషువి తొందరగా తేల్చేద్దాం. ఇండియా టుడేలు, రీడర్స్ డైజెస్టులు, నేషనల్ జియోగ్రాఫిక్‌లు అందరూ దాచుకున్నారు, అందుకే ఎవరికీ అక్కర్లేదు. కాటాకే. 1975 డిసెంబర్ ఇండియా టుడే మొదటి సంచిక, 1983 ప్రపంచ కప్పు నాటి స్పోర్ట్‌స్టార్‌లు, ఇలస్ట్రేటెడ్ వీక్లీ పాతవి చూసి తీయండి. వాటి మధ్యలో ఇంద్రజాల్ కామిక్స్ ఇరుక్కుని ఉంటే అరవకుండా తీసి విడిగా పెట్టండి, 1964లో మొదలై 1990లో ఆగిపోయిన ఆ ఫాంటమ్ బొమ్మల పుస్తకాలకు తెలుగు పత్రికల కంటే పెద్ద బజారుంది.

సరిహద్దులో ఉన్నందుకు మనకో లాభం ఉంది, గుంటూరువాళ్లకు లేనిది. మన ఇళ్లల్లో పెద్దలు తెలుగు చందమామతో పాటు పిల్లలకు బళ్లో చదువు ఒడియా కదా అని ఒడియా జహ్నమాము కూడా తెప్పించేవారు. అదే చందమామ, అవే బొమ్మలు, లిపి ఒక్కటే వేరు. మీ సంచుల్లో అవి ఉండే ఉంటాయి, మీరు చదవలేక "ఒడియా పుస్తకాలు" అని పక్కన పడేసి ఉంటారు. వాటిని తెలుగువాళ్లకు చూపించి లాభం లేదు. కటక్ బాలు బజారు పుస్తకాల షాపుల్లో అడగండి, ఒడియా సేకర్తలు అక్కడికే వస్తారు. ఒడియా సాహిత్య పత్రిక ఝంకార్ పాత సంచికలు ఉన్నా అంతే. మహారాష్ట్రలో చంద్రపూర్, గడ్చిరోలి వైపు సిరొంచలో ఉన్న మన తెలుగువాళ్లు మరాఠీ చాందోబాలతో ఇదే పని చేస్తున్నారు. ఒకే నెల తెలుగు, ఒడియా, మరాఠీ మూడు భాషల చందమామలు కలిపి సెట్టుగా పెట్టి అమ్మితే విడివిడిగా కంటే బాగా వచ్చింది, నేను రెండుసార్లు చేశాను. అట్ట మీద బొమ్మ ఒకటే, పేర్లు మూడు, చూడ్డానికే బాగుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ధర పత్రిక మీద ఉండదు, దాన్ని వెతికే మనిషి దగ్గర ఉంటుంది. నాలుగేళ్ల కిందట జయపురం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. చిన్నప్పుడు చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీలో ఆవిడకు బహుమతి వచ్చిందట, పేరూ ఊరూ అచ్చయిందట, ఇల్లు మారినప్పుడు ఆ కాపీ పోయింది. ఏ ఏడాది అంటే "ఏడో తరగతి" అన్నారు. ఫోటోలో ఏముంది అంటే ఒకదాంట్లో మేక, ఇంకోదాంట్లో ఎవరో ముసలాయన. అప్పటికే ఇద్దరి దగ్గర కొన్నారట, రెండుసార్లూ పేరు లేదు. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. పోటీకి ఫోటోలు వేసిన నెల వేరు, ఫలితం వచ్చిన నెల వేరు. ఆవిడ మేక ఫోటో చూసి కొన్నవి పోటీ ప్రకటించిన సంచికలు. ఏడో తరగతి లెక్క కట్టి, వాటి తర్వాతి నెలలు తిరగేస్తే నాలుగో కాపీలో దొరికింది. పేరు పక్కన జయపురం అని చిన్న అక్షరాల్లో. ఇంకెవరికైనా నేను ఎనభైకి ఇచ్చే సంచిక అది, వెనకట్ట కూడా లేదు. అయిదొందలు చెప్పాను. ఆవిడ "ఇంకో కాపీ ఉందా, మా తమ్ముడికి" అన్నారు. ఆ రాత్రి కొంచెం సిగ్గనిపించింది, పోస్టు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

అప్పటి నుంచి నేను అమ్మే పద్ధతి మారింది. "పాత చందమామలు అమ్మబడును" అని పెట్టను. ప్రతి సంచికలోనూ ఏముందో రాస్తాను. ఎవరి కథలు, ఎవరి ఉత్తరాలు, కలం స్నేహం శీర్షికలో ఏ ఊళ్లవాళ్ల పేర్లు, పోటీ విజేతలెవరు. ఒకప్పుడు కథ ఒకటో రెండో రాసి మానేసినవాళ్లు ఈ రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురంలో వందల్లో ఉంటారు, వాళ్ల పిల్లలు ఇప్పుడు నాన్నగారి కథ కోసం గూగుల్‌లో పేరు కొట్టి వెతుకుతున్నారు. మీరు ఆ పేరు రాసి పెడితే వాళ్లే మిమ్మల్ని పట్టుకుంటారు. పుట్టిన నెల పత్రిక కావాలని అడిగేవాళ్లు ఇంకో రకం, అరవయ్యో పుట్టినరోజుకు కానుకగా ఇస్తారు, దానికి పాత స్వాతులు కూడా పనికొస్తాయి. ఇది ఓపిక పని, ఒక్కో సంచికకు పావుగంట పడుతుంది. ఓపిక లేకపోతే మొత్తం ఒక డీలర్‌కి ఇచ్చేయండి, తప్పులేదు.

డీలర్ అంటే విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాద్ అబిడ్స్ ఆదివారం బజార్లోనో పాత పుస్తకాలు అమ్మేవాళ్లు. వాళ్లు అమ్మే ధరలో మూడో వంతో నాలుగో వంతో ఇస్తారు. అది మోసం అనుకోకండి, ఒక్కో సంచిక వాళ్ల దగ్గర మూడేళ్లు కూర్చుంటుంది, అద్దె, చెదలు అన్నీ వాళ్లవే. కానీ జాబితా లేకుండా మాత్రం వెళ్లకండి. మొదట్లో నేను పద్నాలుగేళ్ల వీక్లీలు, కొన్ని బైండ్లు, ఒక గోనెడు చందమామలు లెక్క కూడా చూసుకోకుండా ఒకాయనకు మూడువేలకు ఇచ్చేశాను. ఆయన ఎదురుగా ఒక్కోటి చూస్తూ "అబ్బే, ఇది కూడా చినిగింది" అంటుంటే నాకే సిగ్గేసి తగ్గించాను. ఆర్నెల్ల తర్వాత అందులోని ఒక్క బైండు ఆ మూడువేలకే అమ్ముడైంది. ఊరూ పేరూ చెప్పను, తప్పు నాది కూడా.

ఫేస్‌బుక్‌లో పాత తెలుగు పత్రికల గ్రూపులున్నాయి, మంచి కొనుగోలుదారులు ఎక్కువగా అక్కడే. ఓఎల్ఎక్స్‌లో పెడితే మొదటి ఫోనే "నేను ఆర్మీలో ఉన్నాను, క్యూఆర్ కోడ్ పంపిస్తా, స్కాన్ చేస్తే డబ్బు మీకు పడుతుంది" అని వస్తుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. పిన్ అడిగాడంటే మీ డబ్బు పోతుందని అర్థం, పెట్టేయండి ఫోను. ఫోటోలు కిటికీ వెలుగులో తీయండి, ఫ్లాష్ వేస్తే నున్నటి కాగితం తెల్లగా మెరుస్తుంది. చిరుగుని దాచకండి, చిరుగుకే ఒక ఫోటో తీయండి. డబ్బు ముందు, పార్సిల్ తర్వాత, పోస్టు ఖర్చు కొనేవాళ్లది. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి ఖర్చు ముందే కౌంటర్లో తూయించి అడగండి. పుస్తకాలకు చవకగా జ్ఞాన్ పోస్ట్ అని వచ్చింది కానీ ప్రకటనలుండే పత్రికలకు అది వర్తించదు, అక్కడ వాదన పెట్టుకుని లాభం లేదు. ప్యాకింగ్ మాత్రం మూడు పొరలు: ప్లాస్టిక్ కవరు, రెండు వైపులా గట్టి అట్ట, పైన మళ్లీ ప్లాస్టిక్. జూన్ నుంచి అక్టోబర్ దాకా మన వైపు నుంచి ఏది పంపినా వానలోనే వెళ్తుందని అనుకోండి.

స్కాన్ చేసి పీడీఎఫ్‌లు అమ్ముకోవచ్చా అని కూడా అడిగారు. వద్దు. మీ దగ్గరున్న కాగితం కాపీ మీది, దాన్ని అమ్ముకోవచ్చు. లోపలి రాతలు, బొమ్మల హక్కు రాసినవారు పోయాక అరవై ఏళ్ల దాకా ఉంటుంది. పైగా ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్లు చాలా పాత పత్రికలు స్కాన్ చేసి నెట్‌లో ఉచితంగా పెట్టారు, మీ పీడీఎఫ్ ఎవరు కొంటారు?

ఒకటి మాత్రం అమ్మే ముందు ఆలోచించండి. తాతగారు మాస్టారని రాశారు. మన వైపు మాస్టార్ల ఇళ్లల్లో అప్పుడప్పుడూ అనుకోనివి దొరుకుతాయి. గిడుగు రామమూర్తిగారు 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు పోవడంతో ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. అలాంటి కాలపు సంచిక ఏదైనా ఒక్కటి కనిపించినా కాటా, ఓఎల్ఎక్స్ రెండూ మర్చిపోయి, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో, వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికో ఒక ఫోటో పంపి అడగండి. డబ్బు పెద్దగా రాకపోవచ్చు, కానీ ముక్కలుగా చెల్లాచెదురు కాదు. పెట్టె అడుగున తాళపత్రాలు ఉంటే అవి పత్రికల లెక్కలోకి రావు. డెబ్బై అయిదేళ్లు దాటిన రాతప్రతుల్ని దేశం బయటికి అమ్మడం చట్ట ప్రకారం నేరం, ఎవరైనా విదేశంలో కొంటామంటే లొంగకండి.

ఎంతొస్తుందన్నారు. మీరు చెప్పినదాన్ని బట్టి, 60ల చందమామలు ఒక ఇరవై, కొన్ని ప్రత్యేక సంచికలు, మంచి బైండ్లు ఆరేడు ఉన్నాయనుకుంటే, ఏడాది పాటు ఆదివారాలు కూర్చుంటే పదిహేను వేలు, అదృష్టం బాగుంటే ఇరవై. డీలర్‌కి ఒకేసారి ఇస్తే నాలుగైదు వేలు. అన్నీ 90ల తర్వాతివే అయితే పేపర్లాయనతో కిలో పద్నాలుగు దగ్గర బేరం తెగ్గొట్టండి, మీ కాటా మీ ఇంట్లోదే వాడండి. ముందు పెట్టెలో పైవరస ఫోటో ఒకటి, బైండ్ల వెన్నుల ఫోటో ఒకటి తీసి ఇక్కడ పెట్టండి, నేనే చూసి చెప్తాను.

సోవియట్ భూమి మర్చిపోయాను. 1961లో గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లొచ్చినప్పటి సంచికలు, రాకెట్ బొమ్మలున్నవి ఏవైనా ఉంటే తీసి ఉంచండి, నేనే కొంటాను. ట్రాక్టర్లు, గోధుమ పొలాలు ఉన్నవి మీ పిల్లల నోటు పుస్తకాలకు అట్టలు వేసుకోండి, అంత గట్టి నున్నటి కాగితం ఇప్పుడు షాపులో కొన్నా రాదు. మీ అమ్మగారిని అడగండి, ఆవిడ బళ్లో పుస్తకాలకు వేసింది కూడా అవే అయ్యుంటాయి.